మద్దిలేటి సాకిన పురుగులు

పాతికేళ్లుగా వార్తలు రాస్తున్నాను. తన పత్తిచేనులో పురుగులు చచ్చిపోయాయని మొరపెట్టుకున్న రైతును ఈ రోజే చూశాను.

కోడుమూరు దగ్గర మద్దిలేటి ఈ ఏడు పురుగును తనే చంపే బీటీ పత్తి వేశాడు. ఆ విత్తనంతో పాటు మామూలు పత్తి గింజల చిన్న ప్యాకెట్ ఒకటి ఇస్తారు. దాన్ని చేను చుట్టూ సాళ్లుగా వేయాలి. పురుగులన్నీ బీటీని తట్టుకోవడం నేర్చుకోకుండా, కొన్ని ఆ సాళ్లలో మామూలుగా బతకాలి. చాలామంది ఆ ప్యాకెట్‌ను గట్టు మీదే పారేస్తారు. మద్దిలేటి మాత్రం అందులోని కాగితంలో రాసినట్టే వేశాడు. ఈ ఉదయం పక్కచేను ఖాసిం వచ్చి ఆ సాళ్లకు మందు కొట్టేశాడు.

"కష్టపడి సాకినా సార్. ఒగటి మిగల్లేదు," అన్నాడు మద్దిలేటి.

ఖాసింది మొత్తం మామూలు పత్తే. "సాకేది నువ్వు, మేపేది నా చేనా? గొడ్లు పడితే బందెలదొడ్డికి తోలొచ్చు. పురుగులను యాడికి తోలాలప్పా?" అని అరిచాడు.

ఇద్దరూ నా వైపు చూశారు. ప్యాకెట్‌లోని కాగితం రెండు వైపులా చదివాను. పక్కచేను గురించి ఒక్క ముక్క లేదు.

"నా దిక్కు సాళ్లు పీకెయ్. తక్కిన మూడు దిక్కులా నీ ఇష్టం," అన్నాడు ఖాసిం మరింత గట్టిగా.

"మెల్లగా మాట్లాడన్నా. ఆ మూడు దిక్కులోళ్లు ఇంగా చూడలేదు," అన్నాడు మద్దిలేటి.

వాళ్లెవరూ ఈ పోస్టు చదవరన్న ధైర్యంతో రాస్తున్నాను. మీరైతే ఎవరి వైపు తీర్పు చెబుతారు?