మూత లోపలి పేరు

మొన్న గడియారాల అంగడిలో భాగాలు కడిగే పెట్రోలు వాసన తగలగానే చిన్నాయన గుర్తొచ్చాడు. యుద్ధం నుంచి వస్తూ ఆయన మా నాయనకు చేతిగడియారం తెచ్చాడు. అది ఆగిపోతే నంద్యాలలో ఇట్లాంటి అంగడిలోనే విప్పించాం. మూత లోపల ఒక పేరు, లోపల తిరిగే మిషను మీద ఇంకో పేరు కనిపించాయి. మా ఆళ్లగడ్డ ఇళ్లలో చెంబు మీద ఎవరి పేరు చెక్కి ఉంటే ఆ చెంబు వాళ్లది.

"ఇద్దరి పేర్లుండాయంటే యాడనో ఎత్తుకొచ్చిందే," అన్నాడు నాయన.

"కాదన్నా, కొనిందే," అన్నాడు చిన్నాయన.

నాయన నమ్మలేదు. నేనూ నమ్మలేదు. చిన్నాయన మా గడప తొక్కడం మానేశాడు.

మొన్న అదే గడియారం మూత తీసిన అంగడాయన, "ఆ కాలంలో పై డబ్బీ ఒకరు, లోపలి మిషను ఒకరు చేస్తాండ్రి పెద్దాయనా. ఇవి చేసినోళ్ల పేర్లు," అన్నాడు.

ఆ మాట వినవలసిన అన్నదమ్ములిద్దరూ ఎప్పుడో పోయారు.