గంగక్కతో విన్న అరబ్బీ వార్తలు

మొన్న నేను చదువుకున్న ఊళ్ళో, కంఠేశ్వర్‌లో ఒక ఇంటి ముందు తడి తునికాకు వాసన తగిలి కాళ్ళు ఆగిపోయాయి. తొంభైల్లో నేను ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదువుతూ గంగక్క ఇంట్లో అద్దెకున్నప్పుడు రోజంతా ఇదే వాసన. ఆమె అరుగు మీద కూర్చుని బీడీలు చుట్టేది. భర్త దుబాయ్ వెళ్ళి అయిదేళ్ళయింది; రెండేళ్ళుగా ఉత్తరం లేదు.

నేను కోటగిరి పల్లె నుంచి వచ్చినవాణ్ణే అయినా కాలేజీలో నా ఫోజే వేరు. నల్ల కళ్ళద్దాలు, ఎన్నికల ఉపన్యాసాలు, ఎవరేమడిగినా తడుముకోని జవాబు. ఆ మొనగాడు పొద్దున్నే తలుపు గడియపెట్టి, కిటికీకి ఏరియల్‌గా రాగితీగ కట్టి, దూరదేశాల రేడియోలు వింటాడని ఎవరికీ తెలియదు. మీ ప్రసారం ఇక్కడ వినబడిందని రాస్తే ఆ స్టేషన్లవాళ్ళు రంగుల కార్డు పంపేవారు. వాటిని ట్రంకుపెట్టె అడుగున దాచేవాణ్ణి.

ఒకరోజు అలాంటి విదేశీ కవరు గంగక్క చేతిలో పడింది. మా సందులో ఆ స్టాంపులకు ఒకటే అర్థం. సాయంత్రం నా మిత్రులకు చాయ్ పోస్తూ చెప్పేసింది.

"మీ దోస్తుకు దుబాయ్ వీసా అచ్చినట్టుంది. మీకు చెప్పలేదా?"

"ఇంకా ఖాయం కాలే" అన్నాను. ఆ మాట ఎలా వచ్చిందో ఇప్పటికీ నాకు అంతుపట్టదు. రేడియో పిచ్చికన్నా దుబాయే గౌరవంగా తోచింది కాబోలు.

మర్నాడు గంగక్క భర్త ఫోటో తెచ్చి, కొంగుతో తుడిచి నా చేతిలో పెట్టింది.

"తమ్మీ, అక్కడికి పోయినంక ఈయనను జర దేవులాడు. ఉన్నడో లేడో, గదొక్కటి చెప్పు."

సిగ్గుతో చచ్చిపోయాను. ట్రంకు తెరిచి, కార్డులన్నీ ముందు పరిచి, నిజం చెప్పాను. ఆమె ఒక్కొక్కటే తిప్పి చూసింది.

"గింత మంచి పనిని దొంగసొత్తు లెక్క దాసినవ్. లేని దుబాయ్‌ని దోస్తుల ముందట ఒప్పుకున్నవ్. గిదేం సదువు తమ్మీ?" రేడియోను దగ్గరికి జరుపుకొని, "దుబాయ్ మాటలు ఇనవస్తయా దీంట్ల?" అంది.

అరబ్బీ స్టేషను పట్టాను. వార్తలయ్యేదాకా ఆమె కదల్లేదు. ఆ తర్వాత రోజూ అదే వేళకు వచ్చేది. చివర్లో ఒకటే ప్రశ్న: "మనోళ్ళ పేరు చెప్పిండ్రా?"

"లేదక్కా" అనేవాణ్ణి, నా అలవాటైన ధీమాతో.

వారం గడిచాక నా మొహంలోకి సూటిగా చూసింది. "ఆ మాటలు నీకు సమజైతయా?"

"కావక్కా."

"మరి లేదని ఎట్ల చెప్పినవ్? తెల్వదని అను."

అన్నాను. ఆమె లేచి వెళ్ళి ఆకు కత్తిరించుకుంది. మర్నాటి నుంచి వార్తలకు రాలేదు. నేను గది ఖాళీ చేసేదాకా అతని కబురూ రాలేదు. ఆ ఒక్క మాటతో ఆమె ఆశ తుంచానా, అబద్ధం నుంచి విడిపించానా, ఎంత ఆలోచించినా తేలదు.

ఇప్పుడు పాఠాలు చెప్పుకుంటున్నాను. జవాబు తెలియని ప్రశ్న ఎదురైతే "నాకు తెలియదు" అంటాను. సారు నిజాయితీపరుడని పిల్లలు మెచ్చుకుంటారు. ఆ మాట నాకు నేర్పిన మనిషి, నా నోట దాన్ని విన్నాక మళ్ళీ నా రేడియో దగ్గర కూర్చోలేదని వాళ్ళకు చెప్పలేను.