తండ్రి పేరు దామోదరన్

పంకజవల్లికి ఎనభై ఒకటో ఏడు. పుదుచ్చేరి పెద్ద మార్కెట్ దగ్గర జవుళి కొట్టు నడిపి పిల్లల్ని పెంచిన మనిషి. బేరంలో ఎవరికీ లొంగదు.

ఆమె మనవరాలు భరణి ఫోనులో ఫ్రెంచి సైన్యపు పాత రికార్డులు వెతుకుతోంది. అవిప్పుడు ఇంటర్నెట్‌లో ఎవరైనా చూడొచ్చు. అవ్వ తండ్రి అసలు పేరు సీతాపతి అనీ, ఫ్రెంచివాళ్ళ తరఫున వియత్నాంలో సైగాన్ యుద్ధానికి వెళ్ళాడనీ ఒక పెళ్ళిలో ముసలి బంధువు నోరు జారాడు. ఇంట్లో అందరికీ తెలిసిన పేరు దామోదరన్.

"సీతాపతి, ఊరు ఏంబలం. పటాలం వదిలి పారిపోయినాడని రాసుండాది అవ్వా," అంది భరణి.

పంకజవల్లి పట్టపగలే వీధి తలుపు గడియ వేసింది. ఆ పేరు ఇంకెవరికైనా చెప్పావా అని అడిగింది. తరవాత గొంతు తగ్గించి చెప్పడం మొదలుపెట్టింది.

సెలవుకి వచ్చిన నాన్న మళ్ళీ ఓడెక్కలేదు. ఏంబలంలో మేనమామ ఇంటి అటక మీద దాక్కున్నాడు. పుదుచ్చేరి అప్పటికింకా ఫ్రెంచివాళ్ళదే. ఫ్రెంచి పోలీసులు వస్తున్నారంటే పొలాలకు అడ్డంపడి ఇండియా ఎల్లలోకి పరుగెత్తేవాడు. అన్నం గిన్నె తీసుకెళ్ళేది ఆరేళ్ళ పంకజవల్లే. నాన్న పేరు ఎవరడిగినా దామోదరన్ అనాలని అమ్మ రోజూ వల్లె వేయించేది. ఒకసారి పోలీసు ఆమె ముందు వంగి, మెత్తగా అడిగాడు. ఆమె దామోదరన్ అంది. ఫ్రెంచివాళ్ళు వెళ్ళిపోయాక కూడా ఆయన ఆ పేరు విడవలేదు. ఆ పేరుతోనే పోయాడు.

ఆమె ఆధార్ కార్డులో, పెళ్ళి పత్రంలో, కొట్టు లైసెన్సులో తండ్రి పేరు అబద్ధమే.

"మనం జూసినట్టు ఆ ఫ్రెంచోళ్ళకి తెలుస్తాదా?" అని అడిగింది.

భరణి పిలిస్తే పక్కింటి వకీలు దినకరన్ వచ్చి, చనిపోయిన మనిషి మీద కేసేమీ ఉండదని నచ్చజెప్పాడు. ఆమె తలూపింది. అయినా ఇంటి ముందు మోటారు సైకిలు ఆగితే చాలు, వంటింట్లోకి వెళ్ళిపోయేది. రాత్రుళ్ళు నిద్ర లేదు. పూర్తి ఫైలు తెప్పిస్తానన్న భరణి చెయ్యి పట్టుకుని, "నేనుండగా వద్దు పాపా," అంది. భరణి సరేనంది.

కొన్నాళ్ళకు పంకజవల్లి తనే వచ్చి భరణి పక్కన కూర్చుంది. ఆ కాగితంలో పుట్టిన తేదీ ఉందా అని అడిగింది. ఉంది. అది ఆమెకెప్పుడూ తెలియదు. వేళ్ళ మీద లెక్క వేసుకుంది.

"అటకలో ఉన్నెప్పుడు మా నాయనకి నీ వయసే," అంది.