కుడి రెక్క మీద రంధ్రం

దుర్గమ్మ కొండ వైపు తిరిగి దణ్ణం పెట్టి మొదలుపెడుతున్నాను. ఇందులో ప్రతి మాటా నిజం. ఉయ్యూరులో నన్ను కోతలరాయుడంటారు, కాదనను. కానీ దెయ్యాల్ని మాత్రం నేనెప్పుడూ నమ్మలేదు. పొగ మిషన్‌తో దోమల్నీ పురుగుల్నీ చంపడం నా వ్యాపారం. చచ్చినవి తిరిగొచ్చేదే నిజమైతే, అవి ముందు నా మీదికే రావాలి కదా.

మా అక్క కూతురు హారిక పెంకు పురుగుల మీద పరిశోధన చేస్తోంది. మామూలువి కాదు, చిటారు కొమ్మల్లోనే పుట్టి పెరిగి, నేల మొహం చూడనివి. పోయినేడు కొండపల్లి అడవిలో చింతగింజంత ఆకుపచ్చది ఒకటి దొరికింది. ఏ పుస్తకంలోనూ లేదట. ఒక్కదాన్ని చూసి కొత్త రకమని ఒప్పుకోనన్నాడు ఆమె గైడు. రెండోది దొరక్కపోతే ఆ అధ్యాయమంతా కొట్టేయాలి. అడవిలోకి అనుమతి ఆ రోజుతో ఆఖరు. అందుకని నన్నూ, నా మిషన్నీ కారెక్కించింది.

గాలి లేవకముందే పని కావాలని, తెల్లవారేసరికి ఇబ్రహీంపట్నం దాటేశాం. ఒక పెద్ద తాని చెట్టు కింద తెల్ల దుప్పట్లు పరిచి, పైకి పొగ కొట్టాను.

"డ్రైనేజీకి కొట్టినట్టు కొట్టకు మావయ్యా, ఇంకా పైకెత్తు."

"నా మెడ పట్టేస్తే మీ గైడొచ్చి రుద్దుతాడటే?"

కాసేపటికి టపటపా రాలడం మొదలైంది. చీమలు, సాలీళ్లు, ఏవేవో పురుగులు. హారిక మోకాళ్ల మీద పాకుతూ దుప్పటి దుప్పటీ వెతికింది. ఆఖరి దుప్పటి అంచున దొరికింది. అదే ఆకుపచ్చ. కాళ్లు ఇంకా ఆడుతున్నాయి.

భూతద్దంలో చూసి నా చేతికిచ్చింది. కుడి రెక్క పెంకు మీద గుండ్రటి సన్నటి రంధ్రం. ఒంట్లోంచి కిందిదాకా దిగి ఉంది.

పురుగుల్ని భద్రపరిచేవాళ్లు సూదిని ఎప్పుడూ కుడి రెక్కలోనే గుచ్చుతారట, ఎడమది చెడకుండా.

"ఏ ముల్లో దిగుంటుందిలేవే."

"ముల్లు ఇంత తిన్నగా దిగుద్దా మావయ్యా? దిగితే ఇది బతుకుద్దా? అచ్చం నేను గుచ్చినట్టే ఉంది."

విజయవాడలో వాళ్లింటికొచ్చి, పోయినేడు దొరికినదాన్ని సూదికి గుచ్చి దాచిన చెక్కపెట్టె తెరిచాం. సూది నిలబడే ఉంది. దానికి పురుగు లేదు. రెండోదాని కోసం వెళితే మొదటిదే తిరిగొచ్చింది.

ఎవరికి చెప్పినా ఇక్కడితో ఆపేస్తాను. విన్నవాళ్లు చేతులు తడుముకుని, కాఫీ తాగి వెళ్లిపోతారు.

మీకు మాత్రం చెప్పేస్తాను. పెట్టె ఖాళీ అన్న ముక్క నేను కల్పించిందే. పాతది దాని సూదికే ఉంది, ఎండిపోయి, ఎక్కడిదక్కడే. అది మాయమై ఉంటే దెయ్యమేలే అని సరిపెట్టుకుని పడుకునేవాణ్ణి. ఇప్పుడు రెండున్నాయి. గైడు ఒప్పుకున్నాడు, హారిక అధ్యాయం నిలబడింది. మరి రెండోదాన్ని ఎవరు గుచ్చినట్టు? గుచ్చాక అది చెట్టెక్కి ఎలా బతికినట్టు?

అడవి నుంచి వచ్చిన ఆ సాయంత్రమే హారిక కొత్త సూది తీసింది. గుచ్చే పని పడలేదు. ఉన్న రంధ్రంలోనే సరిగ్గా దిగింది.