పటం మీద ఎర్ర గడి

నిరుటి మాట. నేను వరంగల్‌లో ఓ సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తున్నాను. మా ప్రాజెక్టులన్నింటికీ హెడ్డాఫీసు ఒకే ఉమ్మడి నమూనా పటం గీసింది. దాన్ని రిఫరెన్స్ ఆర్కిటెక్చర్ అంటారు. ఎవరూ అది దాటకూడదు. దాని ప్రకారం ఫోన్‌లో నింపిన ప్రతి వివరం అప్పటికప్పుడు సర్వర్‌కు చేరాలి, ఫోన్‌లో ఏదీ మిగలకూడదు.

నా యాప్ ములుగు అడవి పల్లెల్లో తిరిగే ఆశా కార్యకర్తల కోసం. అక్కడికి తీసుకెళ్లి చూపిస్తే, సిగ్నల్ లేక ఒక బాలింత వివరాలన్నీ మాయమయ్యాయి. ఆశా కార్యకర్త లక్ష్మక్క ఫోన్ నా చేతిలో పెట్టేసింది.

"సిగ్నల్ కోసం గుట్టెక్కాల్నా, బాలింతను చూస్కోవాల్నా? నువ్వే చెప్పు బిడ్డా!"

ఈ సంగతి హెడ్డాఫీసుకు మూడుసార్లు రాశాను. "పటం ప్రకారమే చేయండి" అన్నదే జవాబు. చివరికి హైదరాబాద్ నుంచి పెద్దసారు రివ్యూకి వచ్చారు. మీటింగ్ గది గోడకు లామినేషన్ చేసిన ఆ పటం తళతళలాడుతోంది. నాకు ఒళ్లు మండింది. టేబుల్ మీది ఎర్ర మార్కర్ తీసి, ఫోన్‌కూ సర్వర్‌కూ మధ్య ఒక గడి గీసి, "ముందు ఫోన్‌లో దాచు, సిగ్నల్ వచ్చాక పంపు" అని రాశాను.

సారు లేచి గుడ్డతో తుడిచారు. పోలేదు. అది చెరగని మార్కర్ అని నాకప్పుడే తెలిసింది.

"ఇదేందమ్మా, పోతలేదు?"

"పోవద్దు సార్. పోతే మళ్ల గీస్త."

ఉద్యోగం పోతుందనుకున్నాను, పోలేదు. రెండు నెలలకు వచ్చిన కొత్త పటంలో ఆ గడి నీలం రంగులో అచ్చయి ఉంది. ఎవరు గీశారో రాయలేదు. రాయకపోతే పోనీ. ఎర్ర మార్కర్ మాత్రం ఇప్పటికీ నా బ్యాగులోనే ఉంది.