పక్కింటి అక్క వంతు గునుగు

ఈ ఏటి బతుకమ్మ పండుగలో మా సందులో జరిగిన అన్యాయాలను ఏ రోజువి ఆ రోజే నోటు పుస్తకంలో రాసుకున్నాను.

మొదటి రోజు, ఎంగిలిపూల నాడు: ఎదురింటి కోడలిని ఆటకు పిలవలేదు. బొగ్గుబాయిలో పైకప్పు కూలి ఆమె భర్త పోయి ఇంకా ఏడాది కాలేదు.
ఐదో రోజు, అట్ల బతుకమ్మ నాడు: ఆమె కోసి తెచ్చిన తంగేడు పూలను ముట్టుకోకుండా గోడ మీదే వదిలేశారు.
చివరి రోజు, సద్దుల నాడు: మహిళలకు సన్మానమని బ్యానరు కట్టి, ఇంటింటి ఆడవాళ్లకూ పూలదండ వేసి, ఆమె వంతు రాగానే ఆ దండను మైకుకు చుట్టారు.

మైకుకు వేలాడుతున్న ఆ దండను చూసి నేను ఇంటికి వచ్చేశాను. తెలంగాణ కోసం ఈ ఆడవాళ్లే రోడ్డు మీద బతుకమ్మ ఆడితే నేనూ చప్పట్లు కలిపాను. అంతకన్నా నన్ను కుదిపిన సంగతి ఒకటుంది. ఇదే తప్పు ఒకనాడు నా నోటి నుంచే వచ్చింది.

నా చిన్నప్పుడు మేము గోదావరిఖనిలో వరుస క్వార్టర్లలో ఉండేవాళ్లం. నాకు పదేళ్లు. సద్దులకు ముందురోజు మా తాత నన్ను కమాన్‌పూర్ వైపు చేలకు పూలకు తీసుకుపోయాడు. ఆయన పద్ధతి వేరు. ఒక్కొక్క ఆడమనిషిని తలచుకుని ఒక పువ్వు ఎంచాలి, ఎందుకో చెప్పాలి. అమ్మకు తంగేడు అన్నాను, ఎవరూ నీళ్లు పోయకపోయినా పూస్తుంది కనుక. నానమ్మకు గుమ్మడిపువ్వు అన్నాను. బతుకమ్మ నెత్తిన ఉండేది అదే, మా అందరి నెత్తిన ఉండేది ఆమే.

తరువాత పక్కింటి అక్క. ఏటా మా వరుసకంతటికీ గునుగుపూలకు రంగులద్దేది ఆమే. ఆ ఎండాకాలంలోనే ఆమె భర్త బాయిలో చనిపోయాడు.

"ఆమెకెందుకు తాతా? ఇగ ఆమె బతుకమ్మ ఆడదు గద," అన్నాను. ఇంట్లో నానమ్మ అన్న మాటనే అప్పజెప్పాను.

తాత కోప్పడలేదు. "ఆడకుంటె మానె. పువ్వయితె చెప్పు బిడ్డా."

గట్టు మీద ఎటు చూసినా గునుగే. వాసన లేదు, రంగు లేదు. పారేసేదాన్ని చూపినట్టు దాన్నే చూపించాను. తాత ఓపికగా మోపెడు కోశాడు. తిరుగుదారిలో నన్ను ముందు పంపి తాను వెనక వచ్చాడు. గునుగును రంగులకు ఇచ్చానని, రేపటికి అందుతుందని నానమ్మతో చెప్పాడు.

మరునాడు నానమ్మ ఇత్తడి తాంబాలంలో తంగేడు పేర్చి, గునుగు ఏదని అడిగింది.

"ఆ పిల్ల వంతు పువ్వు ఆ పిల్లింట్లనే ఉన్నది," అన్నాడు తాత. "మనిషి రావద్దంటిరి. ఆమె పువ్వెట్ల వస్తది?"

"నీకేమన్న పిచ్చిగిట్ల లేసిందా? పొద్దు గుంకుతాంది!"

నేను తాంబాలంలోకి తొంగి చూశాను. రంగుల గునుగు వరుసలుగా లేస్తేనే బతుకమ్మకు ఎత్తు. మాది తాంబాలానికి అంటుకుని, చేటలో పోసిన పప్పులా ఉంది. నానమ్మ దాన్ని చూసి, "జల్ది పొయ్యి తీస్కరా పో," అంది నాతో.

"తీస్కరానీకి కాదు, పిలుసుక రానీకి పో," అన్నాడు తాత. నానమ్మ ఇంకో పీట తెచ్చి తాంబాలం పక్కన వేసింది.

అక్క ఇంట్లో చాప మీద గునుగు ఎర్రగా, నీలంగా, పచ్చగా ఆరుతోంది. ఆమె వేళ్లన్నీ రంగులే. తనను ఎవరూ పిలవకపోయినా పని ఆపలేదు. రమ్మన్నారని చెప్పబోయి ఏడ్చేశాను. "గునుగు నీ పువ్వని నేనే అన్న, అక్కా."

"గడ్డిపువ్వనా?" అని నవ్వింది. నవ్వుతూనే కొంగుతో కళ్లు తుడుచుకుంది. "నడువు. నేను లేకుంటె మీ నానమ్మకు పేర్చుడు గూడ రాదు."

ఆ సాయంత్రం మా బతుకమ్మ నా నడుమెత్తు లేచింది. అక్క ఆటలోకి దిగగానే ఇద్దరు ముఖం తిప్పుకున్నారు. నానమ్మ వెళ్లి అక్క పక్కనే నిలబడి చప్పట్లు కొట్టింది.

ఆ చేలిప్పుడు ఓపెన్‌కాస్టు గని తవ్విపోసిన మట్టిగుట్టల కింద ఉన్నాయి. ఆనాటి గునుగు గింజలను మాత్రం నేను దాచి, ఏటా పెరట్లో చల్లుతూ వస్తున్నాను. మా సందు బతుకమ్మలన్నిటికీ గునుగు ఆ పెరటిదే. కమిటీ వారు ఈ ఏడూ అడిగి తీసుకుపోయారు.

కనుక మా సందు పండుగ కమిటీ వారిని ఇందుమూలంగా కోరుతున్నాను. పైన రాసిన మూడు సంగతులకూ విడివిడిగా, అందరి సంతకాలతో, లిఖితపూర్వకంగా సమాధానం ఇవ్వవలెను. దాన్ని నాకు కాదు, ఎదురింటి గడప దగ్గర ఆమె చేతికి ఇవ్వవలెను. వచ్చే ఏటి గునుగు గింజలను నేను ఇప్పటికే ఆ ఇంట్లో ఇచ్చి వచ్చాను.