మోత ఏ వైపు

అతని షెడ్డుకు బోర్డు లేదు. ముప్ఫై ఏళ్ళుగా చెవి మేస్త్రి అంటే చాలు, ఎవరైనా దారి చూపిస్తారు. బండి నడుస్తుండగా వినే, జబ్బు ఏ మూల ఉందో చెప్పేస్తాడు. అలాంటి మనిషికి ఆరేళ్ళుగా ఒకటే కడుపుమంట: తోడల్లుడు.

భార్య చెల్లెలి మొగుడు. రెండు వీధుల అవతల షాపు పెట్టాడు. కారును నిలువెత్తు లేపే లిఫ్టు, కంప్యూటరు, వచ్చినవాళ్ళు కూర్చోడానికి అద్దాల గది, అందులో మెత్తటి కుర్చీలు. పొద్దున్నే షెడ్డుకు వెళ్తూ అటు చూడకూడదనే అనుకునేవాడు మేస్త్రి. వాకిట్లో ఎన్ని బళ్ళున్నాయో లెక్కపెట్టుకున్నాక గానీ అడుగు ముందుకు పడేది కాదు.

"వాడి దగ్గరున్నవన్నీ మిషన్లే. చెవులేవీ?" అనేవాడు అన్నం ముందు కూర్చుని.

"మా మరిది మిమ్మల్నేమన్నాడని? నోరారా అన్నగారూ అంటాడు, పాపం," అనేది భార్య, అతని కుడిపక్కన కూర్చుని వడ్డిస్తూ.

ఆ అన్నగారూ వింటేనే అతనికి ఒళ్ళు మండేది.

ఒకరోజు మందుల షాపావిడ కారు తెచ్చింది. ఇరవై ఏళ్ళుగా ఆ కారు మీద మరొకరి చెయ్యి పడలేదు.

"ముందు చక్రంలో ఏదో మోత, మేస్త్రీ. దారిలోనే కదా అని నిన్న మీ తోడల్లుడికి చూపించాను. ఎడమ చక్రం బేరింగ్ అన్నాడు. అయినా మీరొక మాట చెబితే గానీ నాకు మనసొప్పలేదు."

మొదటి సగం ముల్లులా దిగింది. రెండో సగం దాన్ని పీకేసింది.

ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని తానే నడిపాడు. రేడియో ఆపించి అద్దాలు దింపించాడు. వేగం అరవైకి చేరేసరికి తేనెటీగల గుంపులా మొదలైంది మోత. బేరింగే, సందేహం లేదు. కానీ వినిపిస్తున్నది కుడివైపు.

అతని పెదవుల మీదికి నవ్వొచ్చింది. "కుడి చక్రమమ్మా. మావాడు బాగున్న చక్రాన్ని విప్పేసేవాడు."

"అయితే మంచి పని చేశాను మీ దగ్గరికొచ్చి."

అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. తోడల్లుడి తప్పు ఆమె చెవులారా వినాలని ఆశ పుట్టింది. "ఎడమకు తిప్పితే బండి బరువంతా కుడి చక్రం మీద పడుతుంది. మోత ఎలా పెరుగుతుందో చూడండి," అంటూ ఖాళీ మైదానం పక్కనున్న మలుపులో తిప్పాడు.

మోత తగ్గింది.

కుడికి తిప్పాడు. గుర్రుమంది. మళ్ళీ తిప్పాడు, మళ్ళీ అంతే. చక్రం ఒకటి చెబుతోంది, చెవి ఇంకొకటి చెబుతోంది.

"మీరు నడపండమ్మా," అని ఎడమ సీట్లోకి మారాడు. పక్కనే ఉండాల్సిన మోత ఎక్కడో దూరంగా, అదీ కుడి నుంచే వినిపించింది. తల పూర్తిగా వెనక్కి తిప్పి కుడి చెవిని ఎడమ కిటికీకి ఆనించాడు. ఒక్కసారిగా మోత చెవిలోనే గిరగిరా తిరిగినట్టు వినబడింది.

భార్య రెండేళ్ళుగా ఎప్పుడూ కుడిపక్కనే ఎందుకు కూర్చుంటోందో అప్పుడర్థమైంది. ఆమెకు తెలుసు. చెప్పలేదు.

"కుడేనా మేస్త్రీ?" అంది ఆవిడ బండి నడుపుతూ.

కుడి అని చెప్పి, కొత్త బేరింగులు రెండువైపులా వేసేస్తే ఎవరికీ తెలియదు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఇన్నేళ్ళలో బాగున్న చక్రాన్ని అతను విప్పింది లేదు.

"కాదమ్మా. ఎడమే. మావాడు చెప్పిందే నిజం."

షెడ్డుకు చేరేసరికి ఫోను మోగింది. అలవాటుగా ఎడమ చెవికి పెట్టుకుని, గొణుగుడు తప్ప ఏమీ అందక, ఈసారి ఫోనును తిట్టకుండా కుడి చెవికి మార్చాడు. తోడల్లుడు.

"అన్నగారూ, ఆవిడ మీ దగ్గరికి వచ్చిందట కదా. ఏ చక్రమన్నారు?"

"ఎడమ."

"హమ్మయ్య. నాకు కాస్త అనుమానంగానే ఉండింది. మీ చెవి చెప్పాక ఇంక ఢోకా లేదు."

ఆరేళ్ళుగా వాడి నోట వినాలని తపించిన మాట అది. మేస్త్రి ఫోను పెట్టేసి, జాకీ తీసి ఎడమ చక్రం కిందికి తోశాడు. లిఫ్టు, కంప్యూటరు, అద్దాల గది అన్నీ వాడికే ఉండనీ అనిపించింది. వెధవకి చెవులు కూడా రెండూ ఉన్నాయి.